గ్రామంలో మురుగునీటి శుద్ధి పనులకు దరఖాస్తు విధానం: ఇంటి ఇంకుడు గుంత, ఊరి శుద్ధి కుంట

మురుగునీటి సమస్యపై పంచాయతీకి వెళ్లే అర్జీలలో తరచుగా కనిపించే కోరిక సిమెంటు కాలువ. కాలువ నీటిని మన గుమ్మం ముందు నుంచి తీసుకుపోతుందే తప్ప శుద్ధి చేయదు. దాని చివర ఏ ఏర్పాటూ లేకపోతే ఆ నీరు ఊరి చెరువులోకో, దిగువనున్న రైతు పొలంలోకో చేరుతుంది. అందువల్ల స్నానాలు, అంట్లు, బట్టల నీరు చివరకు ఎక్కడ ఇంకాలో, లేదా ఎక్కడ నిలిచి తేరుకోవాలో అర్జీ రాయడానికి ముందే తేల్చుకోవాలి. ఏ పనికి దరఖాస్తు చేయాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది.

పెరట్లో కొద్దిపాటి స్థలం ఉండి, నేల నీటిని పీల్చుకునేదైతే ఇంటి ఇంకుడు గుంత చాలు. సాధారణంగా మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో రాళ్లు నింపి, నీరు అందులోకి దిగే ముందు జిడ్డు, మడ్డి ఆగేందుకు చిన్న తొట్టి కడతారు. బావికీ బోరుకూ కనీసం పది మీటర్ల దూరం పాటించాలి. నల్లరేగడి నేలలో, రాతి నేలలో, గోదావరి డెల్టాలోలాగా భూగర్భజలం పైపైనే ఉండే చోట ఈ గుంత పనిచేయదు. వానాకాలంలో గుంత తవ్వితే నీళ్లు ఊరే ఊళ్లవారు దీనికి దరఖాస్తు చేసి ప్రయోజనం లేదు. అలాంటి ఊళ్లకు కాలువల నీటిని ఒకచోట చేర్చి, వరుస కుంటలలో కొన్ని రోజులు నిలిపి, ఎండ, గాలి, సూక్ష్మజీవుల సాయంతో శుద్ధి చేసే పద్ధతి తగినది. దీనినే స్థిరీకరణ కుంటల పద్ధతి అంటారు.

ఇంటి గుంతను ఉపాధి హామీ పనుల కింద కోరేవారు జాబ్ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లను జతచేసి, గుంత తవ్వే స్థలం ఎవరిదో తెలిపి, పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇవ్వాలి. ఫీల్డ్ అసిస్టెంట్ స్థలం చూసిన తరువాత టెక్నికల్ అసిస్టెంట్ అంచనా వేస్తారు. మంజూరు కాకముందే సొంత డబ్బుతో తవ్వేస్తే ఆ ఖర్చు తిరిగి రావడం కష్టం, ఎందుకంటే పని మొదలుకాక ముందు, జరుగుతున్నప్పుడు, ముగిశాక తీసిన ఫొటోలు రికార్డుకు ఎక్కాలి.

ఊరుమ్మడి కుంట విషయంలో దారి వేరు. కార్యదర్శి చేతికిచ్చిన కాగితం ఒక్కటే చాలదు, గ్రామసభ తీర్మానం కావాలి. ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ మొదలవుతుంది కనుక, ఆ సభలకు ముందే అర్జీ ఇచ్చి చర్చాంశాలలో చేర్పించడం మంచిది. అర్జీలో కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎన్ని ఇళ్ల నీరు అందులో కలుస్తుందో, కుంటకు పంచాయతీ భూమి ఏ సర్వే నంబరులో ఉందో రాసి, చేతితో గీసిన పటమైనా జతచేయాలి. చెరువు శిఖం భూమిని, అంటే చెరువు నీరు నిలిచే భూమిని, చూపితే అభ్యంతరం తప్పదు. మరుగుదొడ్డి లేదా సెప్టిక్ ట్యాంకు నీరు ఆ కాలువలో కలుస్తుంటే దాచకుండా చెప్పాలి. అది ఇంకుడు గుంతలకు పనికిరాని నీరు, పైగా కుంటల రూపకల్పననే మార్చేస్తుంది.

నిధుల సంగతి తెలిసినవారి మాటకు సభలో బరువుంటుంది. 2020లో ఆమోదం పొందిన స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాలు ఇళ్లలో వాడేసిన నీటి నిర్వహణకు 5,000 వరకు జనాభా ఉన్న గ్రామాలకు తలకు గరిష్ఠంగా 280 రూపాయలు, అంతకు మించిన గ్రామాలకు 660 రూపాయలు నిర్ణయించాయి. ఈ లెక్కన 2,000 జనాభా ఉన్న ఊరికి పరిమితి 5,60,000 రూపాయలు. ఇందులో 30 శాతాన్ని, అంటే 1,68,000 రూపాయలను, పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల నుంచి పెట్టుకోవాలి. తక్కినదాన్ని కేంద్రం, తెలుగు రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. సర్పంచి తమ వాటాకు ఒప్పుకున్నట్లు తీర్మానంలో స్పష్టంగా ఉండాలి, లేకుంటే అంచనాలు మండలం దాటవు.

తీర్మానం నకలును, అర్జీ అందినట్లు ముద్ర వేసిన రసీదును దగ్గర ఉంచుకోండి. పని ప్రణాళికలో చేరిందో లేదో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. చేరలేదని తేలితే ముందు ఎంపీడీఓను కలిసి, అక్కడా జవాబు దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద తీర్మానం, అంచనా ప్రతులను అడగాలి. గ్రామ స్థాయి కార్యాలయంలో ఈ దరఖాస్తుకు రుసుము లేదు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.