పని మధ్యలో విషయం జారిపోతోందా? వర్కింగ్ మెమరీ: సమస్య - పరిష్కారం

ఓటీపీ చూసి టైప్ చేసేలోపే రెండంకెలు మర్చిపోవడం, మాట్లాడుతూ మాట్లాడుతూ ‘ఇంతకీ ఏం చెబుతున్నాను?’ అని ఆగిపోవడం, పేరా చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తులేకపోవడం. నలభై ఏళ్లవాళ్లు కూడా ఇవి కనిపించగానే అల్జీమర్స్ అని హడలిపోతున్నారు. ఆ వయసులో ఆ జబ్బు చాలా అరుదు. ఇక్కడ తడబడుతున్నది సాధారణంగా వర్కింగ్ మెమరీ. అంటే, చేస్తున్న పనికి కావాల్సిన వివరాలను కొన్ని సెకన్లపాటు పట్టి ఉంచి, వాటితో ఆలోచించే శక్తి. దానికున్న చోటే చిన్నది. సుమారు ఏడు అంశాలు పడతాయని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాశారు. దాదాపు నాలుగే పడతాయని 2001లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ వాదించారు. అంత ఇరుకు కాబట్టే ఒంట్లో వచ్చే చాలా తేడాలు ఇక్కడ తెలుస్తాయి. కారణాల్లో సరిచేయగలిగినవి చాలా ఉన్నాయి. భయపడేముందు వాటిని వెతకండి.

కొన్ని రోజులు బాగుండి, కొన్ని రోజులు ఏదీ బుర్రకెక్కకపోతే

ముందు నిద్ర చూసుకోండి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. ఏడెనిమిది గంటలు పడుకున్నా పొద్దున్నే తల దిమ్ముగా ఉంటే, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందేమో ఇంట్లోవాళ్లను అడగండి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. పరీక్ష ఉంది, చికిత్స ఉంది.

నిద్ర సరిగ్గానే ఉంటే తర్వాతి అనుమానం దిగులు. అప్పు గురించో, పిల్లల చదువు గురించో లోపల నడిచే ఆలోచన కూడా ఆ చిన్న చోటునే వాడుకుంటుంది. మనసులో తిరుగుతున్నది కాగితం మీద పెట్టండి, ఒకసారి ఒకే పని చేయండి, ఆ కాసేపు ఫోన్ పక్క గదిలో ఉంచండి. రెండు వారాలు దాటినా దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యుణ్ని కలవడానికి మొహమాటపడొద్దు.

నెలల తరబడి నెమ్మదిగా మందగిస్తుంటే

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. విటమిన్ బీ12, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, రక్తహీనత తెలిపే హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. బీ12 సహజంగా దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే కాబట్టి శాకాహారుల్లో లోపం ఎక్కువ. షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పాంటాప్రజోల్ లాంటివి వాడేవారికీ తగ్గవచ్చు. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉంటే ఆలస్యం చేయకండి. సొంతంగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది కానీ, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

తర్వాత మందుల డబ్బా తెరవండి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకో నొప్పులకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలామ్ వర్కింగ్ మెమరీని మందగింపజేయగలవు. వయసు పైబడినవారిలో ఇది ఇంకా ఎక్కువ. వాడుతున్నవన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, డాక్టరు ముందు పెట్టండి. ఆల్‌ప్రజోలామ్ మాత్రం మీరే హఠాత్తుగా ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మద్యం అలవాటుంటే దాచకుండా చెప్పండి.

మెదడుకు వ్యాయామం అని అమ్మే యాప్‌ల మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది గానీ, రోజువారీ పనుల్లో పెద్ద తేడా కనిపించదు.

పిల్లలకు మూడు పనులు చెబితే ఒకటే చేస్తుంటే

పొగరు అనుకుని కొట్టకండి, తిట్టకండి. పిల్లల్లో ఈ శక్తి ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఒక్కో మాటే చెప్పి, తిరిగి చెప్పించుకోండి. నోటిలెక్కలకు కాగితం వాడనివ్వండి. అయినా చదువంతా దెబ్బతింటుంటే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య), డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్నాయేమో నిపుణులకు చూపించండి. వినికిడి కూడా పరీక్ష చేయించండి.

ఉన్నట్టుండి తికమక మొదలైతే

పెద్దవాళ్లు ఒకట్రెండు రోజుల్లోనే అయోమయంగా మారితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం లాంటివి కారణం కావచ్చు. వయసు మీద నెట్టేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత ఉన్నా అంతే. మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసిపెట్టుకోండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, డాక్టరు ముందుగా అడిగేది ఆ సమయమే.