తాగుడు మానాలనుకునేవారికి ఏఏ మీటింగ్ ఎలా వెతకాలి?

మా అన్నయ్యను మొదటిసారి మీటింగ్‌కి తీసుకెళ్లిన రోజు గేటుకి తాళం వేసి ఉంది. నెట్‌లో దొరికిన పాత అడ్రసు పట్టుకుని, ఫోన్ చేసి అడక్కుండా వెళ్లడం నా తప్పు. అన్నయ్య ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. మళ్లీ ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. వస్తానని మనిషి ఒప్పుకున్న రోజున తలుపు తెరిచి ఉండాలి.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడుగా నిలబడి దీన్ని మొదలుపెట్టారు. వాళ్లలో ఒకరు డాక్టరు. చేరడానికి ఒకటే షరతు, మానాలన్న కోరిక ఉండాలి. పూర్తిగా మానేశాకే రావాలని ఎవరూ అనరు.

ముందు డాక్టరు

రోజూ తాగేవాళ్లు, పొద్దున్నే గ్లాసు పడితేగానీ చేతుల వణుకు ఆగనివాళ్లు ఇంట్లో ఒక్కసారిగా మానేయకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ముందు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి. రెండూ ఉచితమే. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

నంబరు పట్టుకోవడం

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో హెల్ప్‌లైన్ నంబర్లు, మీటింగుల వివరాలు ఉంటాయి. మీకు దగ్గర్లో ఉన్నది వెతికి నంబరు రాసుకోండి. "డీ-అడిక్షన్" అని మాత్రమే వెతికితే ప్రైవేటు సెంటర్ల ప్రకటనలే ముందు వస్తాయి. అడ్మిషన్, ప్యాకేజీ, అడ్వాన్స్ అని ఎవరైనా మొదలుపెడితే అది ఏఏ కాదని తెలుసుకోండి. ఏఏలో ఫీజు లేదు. ఇష్టమున్న సభ్యులు తలా కొంత వేసుకుని గది అద్దె, టీ ఖర్చు గడుపుకుంటారు, అంతే.

అడ్రసు దొరికినా ఫోన్ చేయకుండా బయలుదేరవద్దు. ఫోన్ ఎత్తేది చాలావరకు ఒకప్పుడు తాగి, ఇప్పుడు మానేసిన మనిషే, కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. ఇలా అడగండి: "అన్నా, నేను కొత్త. ఈ వారం దగ్గర్లో మీటింగ్ ఎక్కడుంది? తెలుగులో మాట్లాడతారా? ఓపెనా, క్లోజ్డా? గేటు దగ్గర ఎవరైనా ఉంటారా?"

ఆ చివరి ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు. ఊరు దాటి వచ్చినవాళ్లకు కూడా గేటు నుంచి గది దాకా ఉన్న ఆ పాతిక అడుగులే కష్టం.

ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్లు కూడా వెళ్లవచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఆడవాళ్లయితే మహిళా సభ్యుల నంబరు అడగండి. మాట్లాడటం చాలా తేలికవుతుంది. చర్చి ఆవరణలో పెట్టారని వెనకాడే వాళ్లున్నారు. అది గది దొరికిన చోటు మాత్రమే, ఏఏ ఏ మతానికీ చెందదు.

ఊళ్లో మీటింగ్ లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు అక్కడి ఏఏ సైట్‌లో దగ్గర్లోని మీటింగ్ చూసుకోవచ్చు. మనసులో మాట ఇంగ్లీషులో రాదు అనుకుంటే, తెలుగు ఆన్‌లైన్ మీటింగ్ ఉందేమో ఇండియా హెల్ప్‌లైన్‌లో అడగండి.

వెళ్లిన రోజు

పది నిమిషాలు ముందే చేరండి. మా రెండో ప్రయత్నంలో గేటు దగ్గర ఒక పెద్దాయన హెల్మెట్ మోచేతికి తగిలించుకుని నిలబడి ఉన్నాడు. పేరు అడగలేదు, ఎన్నాళ్లుగా తాగుతున్నావని అడగలేదు. "రా తమ్ముడూ, టీ తాగుదాం" అన్నాడు. క్లోజ్డ్ మీటింగ్ కాబట్టి నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. గుమ్మం దగ్గర పదిహేను జతల చెప్పులు. లోపల ఒకరి తర్వాత ఒకరి గొంతు, మధ్యలో ఒక్కసారిగా నవ్వులు. ఆ గదిలోంచి నవ్వులు వినిపిస్తాయని నేను అనుకోలేదు.

మీటింగ్ గంట, గంటన్నర ఉంటుంది. పేరు ఒక్కటి చెబితే చాలు, ఇంటిపేరు, ఉద్యోగం అక్కర్లేదు. మాట్లాడబుద్ధి కాకపోతే "ఈరోజు వింటాను" అనండి. అక్కడ విన్నది, చూసిన ముఖాలు బయట చెప్పకూడదు. ఆ నియమం మీకూ వర్తిస్తుంది.

ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. ఒక్కో గ్రూపు తీరు ఒక్కోలా ఉంటుంది. ఒక్క సాయంత్రంతో తేల్చేయకుండా నాలుగైదు మీటింగులు కూర్చోండి.

ఇంట్లో మనిషి రానంటే మీరైనా వెళ్లండి. తాగేవాళ్ల కుటుంబాలకు అల్-అనాన్, టీనేజీ పిల్లలకు అలాటీన్ అని వేరే మీటింగులున్నాయి. ఎదుటివాళ్లు మానినా మానకపోయినా వెళ్లవచ్చు.

తిరిగి బయలుదేరే ముందు కనీసం ఇద్దరి నంబర్లు తీసుకోండి. గ్లాసు ముట్టుకోకముందే చేయాల్సిన ఫోన్ అది, ముట్టుకున్నాక కాదు. ఆ హెల్మెట్ పెద్దాయన తన నంబరు చీటీ మీద రాసిచ్చి, "రాత్రి రెండింటికైనా సరే" అన్నాడు. మూడో రోజు రాత్రి ఒంటిగంటన్నరకి అన్నయ్య ఫోన్ చేశాడు. ఆయన ఎత్తాడు.