తేదీల లెక్క, 3వ పాఠం: తేదీ అదే, వారం వేరు

గత పాఠంలో గోదావరి డెల్టా సంఘటనలను ఏళ్ల వారీగా కాకుండా తేదీల వారీగా పేర్చుకున్నాం. ఇప్పుడు నోటుపుస్తకంలో నవంబరు 1 పేజీ తీయండి. 1954లో యానాం పాలన ఫ్రెంచివారి నుంచి భారత ప్రభుత్వం చేతికి వచ్చింది ఆ రోజే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ రోజే.

1954లో అది సోమవారం. 1956లో ఏ వారం? క్యాలెండరు వెతకనక్కర్లేదు. 365ను ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి, ఏడాదికి వారం ఒక్కటి ముందుకు జరుగుతుంది. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే ఇంకొకటి. ఇక్కడ రెండేళ్లకు రెండు, 1956 ఫిబ్రవరి 29కి ఒకటి, మొత్తం మూడు. సోమవారం నుంచి మూడు జరిగితే గురువారం.

వెనక్కి వెళ్లాలంటే తీసివేయాలి. 1986 ఆగస్టు 16, శనివారం నాడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ వరద డెల్టాను ఎంత ముంచిందో ఇక్కడి పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. అదే తేదీన 1962లో యానాం చట్టప్రకారం భారతదేశంలో కలిసింది. మధ్యలో 24 ఏళ్లు, ఆరు ఫిబ్రవరి 29లు, మొత్తం 30. ఏడుతో భాగిస్తే మిగిలేది రెండు. శనివారం నుంచి రెండు వెనక్కి వస్తే గురువారం.

మరి యానాం కలిసింది 1954లోనా, 1962లోనా? ఈ పేచీ తేలకుండా వారం ఎంత సరిగా కట్టినా దండగే. పొలం కొన్నప్పుడు స్వాధీనం ఒకనాడు, రిజిస్ట్రేషన్ మరొకనాడు, పాసుపుస్తకం ఇంకెప్పుడో వస్తాయి కదా, ఇదీ అంతే. పాలన చేతులు మారింది 1954లో, ఒప్పందంపై సంతకాలు 1956 మే 28న, చట్టబద్ధమైన బదిలీ 1962లో. అందుకే పుస్తకంలో ఉత్త ‘విలీనం’ అని రాయకండి. ‘పాలన బదిలీ’, ‘చట్టబద్ధ బదిలీ’ అని విడివిడిగా రాసుకోండి. అప్పుడే ఏ తేదీ పేజీలో ఏది ఉండాలో తేలుతుంది.

అభ్యాసం: కోనసీమను చితకబాదిన తుఫాను 1996 నవంబరు 6, బుధవారం రాత్రి తీరం దాటింది. 2024లో అదే తేదీ ఏ వారం? ఫిబ్రవరి 29లను జాగ్రత్తగా లెక్కపెట్టండి. 2000లోనూ ఒకటి ఉంది. జవాబు బుధవారమే వస్తే మళ్లీ మొదలుపెట్టకండి, లెక్క సరిపోయినట్టే. 28 ఏళ్లకు అలా ఎందుకు తిరిగి వస్తుందో, 1900 సంవత్సరం దాటి వెనక్కి వెళ్తే ఆ సూత్రం ఎందుకు చెడుతుందో 4వ పాఠంలో చూద్దాం.