గులకరాళ్లు పరచే ముందు నేలను చూడాలి

పరచిన కొత్తలో గులకరాళ్లు ఎవరి తోటలోనైనా అందంగానే ఉంటాయి. రెండు వానలు పడి, రాళ్లు మట్టిలోకి దిగబడి, సందుల్లో గరిక మొలిచిన తరువాతే వాటి కింద ఏ పని జరిగిందో, ఏది జరగలేదో బయటపడుతుంది. కనుక రంగు, నునుపు చూసి రాళ్లను ఎంచుకోవడానికి ముందే అవి కూర్చోబోయే నేలను గురించి ఆలోచించడం మంచిది.

ఆకులు విపరీతంగా రాలే చెట్టు కింద చిన్న రాళ్లు పరచకూడదు. ఊడిస్తే ఆకులతో పాటు రాళ్లు కూడా వచ్చేస్తాయి. ఊడ్వకపోతే ఆ ఆకులే కుళ్లి, మట్టిగా మారి, కలుపు మొక్కలకు ఎరువవుతాయి. ఎప్పుడూ నీడా తేమా ఉండే మూలలో తెల్లరాళ్లు పాచి పట్టి ఆకుపచ్చగా మారతాయి. అటువంటి చోట బూడిద రంగువో నల్లవో వాడితే పాచి అంతగా కనిపించదు. తెల్లరాళ్లపై మోజు ఉన్నవారు వాటిని ఎండ తగిలే చోట, అదీ కొద్ది మేరకే వాడుకోవడం మేలని నా అభిప్రాయం.

ఎన్ని రాళ్లు కావాలో ముందుగా లెక్క వేసుకోవాలి. కుండీలకు 10 నుంచి 20 మిల్లీమీటర్ల రాళ్లు, తోటలో పరచడానికి 20 నుంచి 40 మిల్లీమీటర్ల రాళ్లు అనువుగా ఉంటాయి. ఒక చదరపు మీటరు స్థలంలో 5 సెంటీమీటర్ల మందాన పరచడానికి సుమారు 75 నుంచి 80 కిలోల రాళ్లు పడతాయి. ఈ లెక్కన 4 చదరపు మీటర్ల బాల్కనీ నిండా పరిస్తే బరువు 300 కిలోలకు తగ్గదు. అందువల్ల బాల్కనీలో గోడ వెంబడి సన్నని పట్టీలా మాత్రమే పరచి, నీళ్లు పోయే తూము దగ్గర ఖాళీ వదలడం క్షేమం.

తోటలో అసలు శ్రమంతా తవ్వకం దగ్గరే ఉంటుంది. ఎంచుకున్న మేర 7, 8 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, గరిక వేళ్లనూ తుంగ గడ్డలనూ ఏరివేయాలి. నీళ్లు ఇంటి గోడ వైపు రాకుండా బయటి వైపుకు మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున వాలు ఇచ్చి, దిమ్మిసతో నేలను గట్టిపరచాలి. దాని మీద నీటిని కిందికి వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డను, ఒక ముక్క అంచు మరొకదాని మీదకు 15 సెంటీమీటర్ల మేర వచ్చేలా పరచాలి. చవకగా వస్తుందని ప్లాస్టిక్ పట్టా వేస్తే నీరు ఇంకదు, కింది మట్టికి గాలి ఆడదు. చుట్టూ ఇటుకలతో అంచు కట్టి, అంచు కంటే ఒక సెంటీమీటరు తక్కువగా రాళ్లు నింపితే అవి దారిలోకి దొర్లవు. గుడ్డ వేశాం కదా, ఇక కలుపు రాదని నిశ్చింతగా ఉండడానికి మాత్రం వీలు లేదు. గాలికి వచ్చే దుమ్ము రాళ్ల మధ్య పేరుకొని, అందులో పడిన విత్తనాలు పైనుంచే మొలుస్తాయి. లేతగా ఉన్నప్పుడే పీకేయాలి. రాళ్లు ఎండకు బాగా వేడెక్కుతాయి కాబట్టి మొక్క మొదలు చుట్టూ జానెడు చోటు వదలాలి.

నడిచే దారికి గుండ్రని గులకరాళ్లు పనికిరావు. అవి కాలి కింద జారతాయి. దారికి కోణాలున్న కంకర వాడి, గులకరాళ్లను దాని అంచుల్లో పేర్చుకోవచ్చు.

కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా పోతుందన్నది చాలామంది నమ్మే మాట. నిజానికి పైనున్న సన్నని మట్టి పూర్తిగా తడిసి నిండే వరకూ నీరు రాళ్ల పొరలోకి దిగదు. కుండీలో మట్టి లోతు తగ్గి, ఆ తడి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. అడుగున రంధ్రం సరిగా ఉంటే చాలు. రాళ్లను పైన 2 సెంటీమీటర్ల మందాన పరిస్తే తేమ త్వరగా ఆరదు, నీళ్లు పోసినప్పుడు మట్టి చిందదు. అయితే పైకి రాళ్లు పొడిగా కనిపించినా కింద తడి ఉండవచ్చు; వాటిని పక్కకు జరిపి, మట్టిని వేలితో తాకి చూసిన తరువాతే నీళ్లు పోయాలి.

ఇంట్లో వాడే రాళ్లను కడిగిన నీరు తేటగా వచ్చే వరకూ కడగాలి. గాజు పాత్రలో నీళ్లు, రాళ్లు వేసి మొక్క పెట్టినప్పుడు దోమలు గుడ్లు పెట్టకుండా వారానికొకసారి నీరు మార్చాలి. చేపల తొట్టిలో వేయదలచిన రాయి మీద ముందుగా రెండు చుక్కల వెనిగర్ వేసి చూడాలి. నురగ వస్తే అది సున్నపురాయో చలువరాయో అయి ఉంటుంది. అటువంటివి నీటి క్షారగుణాన్ని పెంచుతాయి కాబట్టి అన్ని చేపలకూ సరిపడవు. పలుగురాయితో ఆ ఇబ్బంది లేదు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో చిన్న రాళ్లను అందే ఎత్తులో ఉంచకూడదు. ఏటి రాళ్లను నిప్పు గుంట చుట్టూ పేర్చడం కూడా ప్రమాదమే, ఎందుకంటే లోపలి తేమ ఆవిరై అవి పగిలి ఎగిరిపడవచ్చు.

ఏడాదికొకసారి రాళ్లను పారతో ఎత్తి, జల్లెడ పట్టి, కడిగి తిరిగి పరిస్తే కొత్తదనం వస్తుంది. కొన్ని రాళ్లు ఎలాగూ మట్టిలో కలిసిపోతాయి. తరువాత కొనే రాళ్లు మొదటి వాటి రంగుతో సరిగ్గా కలవడం అరుదు కనుక, కొన్న రోజే ఒక సంచి అదనంగా తీసుకొని పక్కన పెట్టుకోవాలి.