సీసం పోత నేర్చుకుందాం, 5వ పాఠం: అచ్చు మీద పడిన రంగులు

పోయిన పాఠంలో అచ్చును వేడి చేసి, మొదటి పోతలు పోసి, ముడతలు పడిన బుల్లెట్లను తిరిగి పాత్రలో వేసి కరిగించాం. ఇప్పుడు ఆ అచ్చును పూర్తిగా చల్లారనిచ్చి కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. పగటి వెలుతురులో అటూ ఇటూ వంచి చూడండి. కొత్తలో తెల్లగా మెరిసిన ఇనుము మీద ఇప్పుడు రంగులు కనిపిస్తాయి. పై పలకలో సీసం పోసే రంధ్రం ఉంది కదా, దాని చుట్టూ ముదురు నీలం. నీలం అంచున వంకాయ రంగు. దాని బయట గోధుమ రంగు. ఇంకా బయటికి వస్తే ఎండుగడ్డి రంగు పలచబడుతూ మామూలు ఇనుములో కలిసిపోతుంది.

ఇది చూడగానే కొత్తవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. అచ్చు కాలిపోయిందా, వంకర పోయిందా, ఇక పనికిరాదా అని. చాలాసార్లు ఏమీ కాలేదు. ఎక్కడ ఎంత వేడి తగిలిందో ఆ రంగులు చెబుతున్నాయి, అంతే. వాటిని చదవడం వస్తే మీ పోత పద్ధతిలో తప్పు ఎక్కడుందో కూడా దొరుకుతుంది. ఇవాళ నేర్చుకునేది ఆ చదవడమే. గాలపు బరువులు పోసే అచ్చులకు కూడా ఇదంతా వర్తిస్తుంది.

రంగు ఎలా పుడుతుంది

ఇనుమును గాలిలో వేడి చేస్తే దాని పైన ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర ఎంత పలచనంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండదు. పొర పైభాగాన తగిలి తిరిగొచ్చే వెలుతురు, పొరలోంచి దూరి అడుగున ఇనుముకు తగిలి తిరిగొచ్చే వెలుతురు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని అణిగిపోతాయి. సబ్బు బుడగ మీద, నీళ్ల పైన తేలే నూనె మీద కనిపించే రంగులూ ఇలాంటివే. పొర మందం పెరిగే కొద్దీ రంగు మారుతూ పోతుంది.

మామూలు ఉక్కు మీద ఈ వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. 210 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత ఎండుగడ్డి రంగు, 240 దగ్గర ముదురు ఎండుగడ్డి రంగు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర వంకాయ, 300 దగ్గర ముదురు నీలం, 320 దగ్గర లేత నీలం. 350 దాటితే రంగులు చెదిరి బూడిద రంగు వస్తుంది. థర్మామీటర్లు లేని రోజుల్లో కమ్మరులు పనిముట్లకు పదును పెట్టింది ఈ రంగులు చూసే. గడ్డి రంగు దగ్గర ఆపితే గట్టి అంచు నిలుస్తుంది, నీలం దాకా రానిస్తే స్ప్రింగులా వంగే గుణం వస్తుంది.

పై అంకెలు కొన్ని నిమిషాల వేడికి సరిపోయేవి. వేడి తక్కువైనా ఎక్కువ సేపు ఉంటే పొర మెల్లగా మందమవుతూనే ఉంటుంది. అందుకే ఏళ్ల తరబడి 200 డిగ్రీల దగ్గరే పనిచేసిన అచ్చు గోధుమ రంగుకు, నలుపుకు తిరగొచ్చు. అది ఒక్కసారి కూడా 260 చూసి ఉండకపోవచ్చు. రంగును చూసి "ఇంత వేడి తగిలింది" అని తేల్చే ముందు "ఎంత సేపు" అని కూడా అడగండి. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

రంగు ఎక్కడుందో చూడండి

రంగు ఏమిటి అన్నదానికన్నా ఎక్కడుంది అన్నది నాకు ముఖ్యం. శుద్ధ సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తగరం, ఆంటిమొనీ అనే మూలకం కలిపిన మిశ్రమం అంతకన్నా తక్కువలోనే కరగడం మొదలుపెడుతుంది. మనం పాత్రలో 350 నుంచి 400 మధ్య ఉంచుతాం. అచ్చు మాత్రం 180, 200 డిగ్రీల చుట్టూ ఉంటే పోత బాగా వస్తుంది. మరి 200 దగ్గర ఉన్న అచ్చు మీదికి 300 డిగ్రీల నీలం ఎలా వచ్చింది?

పై పలక పలచగా ఉంటుంది. పోసిన ప్రతిసారీ దాని రంధ్రం మీద కరిగిన లోహం చిన్న మడుగులా నిలుస్తుంది. ఆ వేడిని కింద ఉన్న దిమ్మె (రెండు సగాలుగా తెరుచుకునే అచ్చు అసలు భాగం) లాక్కునే లోపే రంధ్రం అంచు మాత్రం 300 దాటిపోతుంది. కాబట్టి రంధ్రం చుట్టూ వలయంలా పడిన నీలం ఆరోగ్యకరమైన గుర్తు. మీరు ప్రతిసారీ రంధ్రం మీద సరిపడా మడుగు నిలిపారన్నమాట. ఆ మడుగే లోపల గడ్డకట్టి కుంచించుకుపోయే లోహానికి పైనుంచి సీసం అందించేది. అది చాలకపోతే బుల్లెట్ అడుగున సొట్ట పడుతుంది.

దిమ్మెలో బుల్లెట్ ఆకారంలో తొలిచిన గుంటల లోపల సమంగా పరుచుకున్న గోధుమ రంగు గానీ నలుపు గానీ ఇంకా మంచిది. ఆ పొర ఉంటే పోత సులువుగా జారిపడుతుంది, తుప్పు కూడా కొంత ఆగుతుంది. రెండు గుంటల్లో ఒకటి గోధుమగా, రెండోది ఇంకా తెల్లగా ఉంటే మీరు ఎప్పుడూ ఒకే గుంట ముందు పోస్తున్నారేమో, రెండోది పోసేసరికి గరిటెలో లోహం చల్లబడుతోందేమో చూసుకోండి.

దిమ్మె ఒక మూల మాత్రమే నీలంగా ఉంటే, అచ్చును వేడి చేయడానికి ఆ మూలను పాత్రలో ముంచే అలవాటు ఉందన్నమాట. ఇనుప అచ్చు దాన్ని తట్టుకుంటుంది. అయినా నేను ముంచను, స్టవ్ ప్లేట్ మీద పెట్టి నిదానంగా వేడెక్కిస్తాను. దిమ్మె పక్కన గుండ్రటి మచ్చలా, మధ్యలో బూడిద రంగు, చుట్టూ నీలం, దాని చుట్టూ గడ్డి రంగు ఉంటే అది గ్యాస్ మంట నేరుగా తగిలిన చోటు. ఇది మాత్రం నాకు నచ్చని గుర్తు. ఒక వైపు 350 దాటి రెండో వైపు ఇంకా చల్లగా ఉంటే దిమ్మె వంగుతుంది. రెండు సగాలనూ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలో సన్నటి వెలుగు గీత కనిపిస్తే, ముందు ఆ ముఖాల మీద సీసపు తునక ఏదీ అంటుకోలేదని చూసుకోండి. తునక లేకుండానే వెలుగు కనిపిస్తే అచ్చు వంగింది.

రుద్దకండి

నా మొదటి అచ్చు రెండు గుంటల ఇనుపది. నాలుగు వారాలు పోశాక లోపల నీలి ఛాయ చూసి భయపడ్డాను. సన్నటి ఎమెరీ పేపర్‌ను చిన్న పుల్లకు చుట్టి, రెండు గుంటలూ అద్దంలా అయ్యేదాకా రుద్దాను. చూడటానికి ఎంతో బాగుంది. ఆ సాయంత్రం పోసిన ప్రతి బుల్లెట్‌కూ రెండు సగాలు కలిసే చోట పొడవునా సన్నటి సీసపు రెక్క వచ్చింది. గుంట అంచు పదునుగా ఉండాలి. నేను దాన్ని గుండ్రంగా అరగదీశాను. గాలి బయటికి పోయే సన్న గీతలు కూడా సగం మాసిపోయాయి, దాంతో అంచులు నిండడం మానేశాయి. ఆ అచ్చు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పోతకు వాడను, పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లకు చూపిస్తాను.

లెక్క వేసి చూడండి. ఆక్సైడ్ పొర మిల్లీమీటరులో పదివేలవ వంతు లోపే. దానివల్ల బుల్లెట్ కొలత మారదు. ఎమెరీ పేపర్ కొన్నిసార్లు తిరిగితే చాలు, దానికి ఎన్నో రెట్లు లోహం పోతుంది. ఏ నష్టమూ చేయని పొరను తీయబోయి తిరిగిరాని లోహాన్ని పోగొట్టుకుంటాం.

అల్యూమినియం, ఇత్తడి

పైన చెప్పిన రంగుల వరస ఇనుముకూ ఉక్కుకూ మాత్రమే. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద అవే రంగులు చాలా ఎక్కువ వేడిలో వస్తాయి, లేత పసుపే 290 దగ్గర మొదలవుతుంది.

అల్యూమినియం అచ్చు ఈ రంగులు చూపించదు. దాని ఆక్సైడ్ పొర కంటికి కనబడదు. ఎర్రబడి హెచ్చరించడం కూడా ఉండదు, మంట ఎక్కువైతే ఉన్నట్టుండి మెత్తబడి కుంగిపోతుంది. అందుకని అల్యూమినియం అచ్చును ఎప్పుడూ మంట మీద పెట్టకండి. దాని వేడి తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. అందులో రెండు సగాలనూ సరిగ్గా కలిపి నిలిపే పిన్నులు, మరలు, పై పలక సాధారణంగా ఉక్కువే. వాటిని చూడండి. పై పలక రంధ్రం దగ్గర నీలం ఉంటే సరే. దిమ్మె మధ్యలో ఉన్న పిన్నులు కూడా నీలమైతే దిమ్మె మొత్తం అంత వేడెక్కిందని అర్థం. పోత వేగం తగ్గించాలి. ఎక్కువ కాలం అంత వేడిలో ఉంటే గట్టిపరచిన అల్యూమినియం బలం తగ్గిపోతుంది.

ఇత్తడి అచ్చు ముందు బంగారు రంగు పోగొట్టుకుని, తర్వాత గోధుమగా, చివరికి నల్లగా మారుతుంది. దాన్ని తోమి మెరిపించాలని ఎవరికైనా చేతులు ఊరుకోవు. ఊరుకోవాలి. తగరం కలిసిన సీసం శుభ్రమైన ఇత్తడికి టంకంలా అతుక్కుంటుంది. ఆ నల్లటి పొరే అడ్డం. కొత్త ఇత్తడి అచ్చును పోతకు ముందు ఖాళీగా రెండు మూడు సార్లు వేడి చేసి చల్లార్చి, రంగు మాయనిచ్చాకే వాడతాను. సీసం శుభ్రం చేయడానికి వాడే ఫ్లక్స్‌ను దాని దరిదాపులకు రానివ్వను.

వేడి రంగులా కనిపించేవి

అచ్చు చల్లగా ఉన్నప్పుడు ఎసిటోన్‌లో ముంచిన దూదితో, దగ్గరలో మంట లేకుండా, మచ్చను తుడవండి. దూది నల్లబడితే మసి. ఇంద్రధనుస్సు రంగులు తుడిచేసరికి మాయమైతే నూనె. జిగురుగా, గోధుమగా అంటుకుని కదలకపోతే కాలిన నూనె, దాన్ని సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్ వదిలిస్తాయి. దూదికి ఏమీ అంటక, రంగు చెక్కుచెదరకపోతే అది నిజమైన వేడి రంగు.

పసుపుపచ్చగా గానీ నారింజ రంగులో గానీ పొడి కనిపిస్తే ఆగండి. అది సీసపు ఆక్సైడ్ కావచ్చు. ఊదకండి, పొడి బ్రష్‌తో గీకకండి. మనం పోసే వేడిలో సీసపు ఆవిరి చాలా తక్కువ. ఒంట్లోకి వెళ్లేది ఎక్కువగా ఈ పొడి, పాత్ర మీద తెట్టు తీసినప్పుడు రేగే దుమ్ము. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి విడిగా పెట్టండి, సబ్బుతో చేతులు కడగండి. పిల్లల్ని, గర్భిణులను ఆ గదిలోకే రానివ్వకండి. తడి తగిలిన అచ్చును బాగా ఆరబెట్టి, మెల్లగా వేడెక్కించాకే పోతకు తీసుకోండి. కరిగిన సీసం కింద ఒక్క చుక్క నీరు చిక్కినా ఆవిరై లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది.

ఇనుము మీద ఎర్రటి పొడి అయితే సాధారణంగా తుప్పు. వేడి రంగు అచ్చుకు నేస్తం, తుప్పు కాదు. తుప్పు లోహాన్ని తింటుంది, గుంటలో చిన్న చిన్న తొర్రలు మిగులుస్తుంది. ఇనుప అచ్చును పక్కన పెట్టేటప్పుడు పలచగా నూనె రాయండి, మళ్లీ వాడే ముందు అది పూర్తిగా పోయేలా తుడవండి. లేకపోతే మొదటి పోతలన్నీ ముడతలే.

ఈ వారం అభ్యాసం

జానెడు పొడవున్న మామూలు ఉక్కు పట్టీ తీసుకోండి. పూత లేనిది, స్టెయిన్‌లెస్ కానిది. ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, ఆరాక ఒక చివరను పటకారుతో పట్టుకుని రెండో చివరను చిన్న మంట మీద పెట్టండి. రంగులు మంట దగ్గర నుంచి మీ వైపు నడిచి వస్తాయి, గడ్డి రంగు ముందు, నీలం వెనక. గడ్డి రంగు పట్టీ మధ్యకు రాగానే మంట ఆపేసి దానంతట అదే చల్లారనివ్వండి. తర్వాత అన్ని రంగులూ ఒకే పట్టీ మీద వరసగా మిగులుతాయి. ఆ పట్టీని అచ్చు పక్కన పెట్టుకుని, అచ్చు మీద ప్రతి మచ్చకూ సరిపోయే రంగు ఏదో వెతకండి. పుస్తకంలో అచ్చు బొమ్మ గీసి, ఏ చోట ఏ రంగో రాసుకోండి, తేదీ వేయండి.

వచ్చే పాఠంలో గాలి గీతల్లో ఇరుక్కున్న సీసాన్ని గీతలు పాడుకాకుండా తీయడం చూద్దాం. ఒక కొయ్య పుల్ల, కొంచెం తేనెమైనం సిద్ధంగా పెట్టుకోండి.