ఎల్‌జీ పాలిమర్స్ రూ.50 కోట్ల లెక్క కావాలా? స.హ. దరఖాస్తు తిరిగి రాకుండా ఇలా రాయండి

విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురం చుట్టుపక్కల కాలనీల్లో నలుగురు కూడితే వచ్చే మాట ఇది: 2020 గ్యాస్ లీకు తర్వాత ఎల్‌జీ పాలిమర్స్ కంపెనీ చేత కట్టించిన యాభై కోట్లు ఏమయ్యాయి? ఇంటింటికీ పంచాలని కొందరంటారు. పంచితే నెల తిరిగేసరికి అయిపోతాయి, ఆ డబ్బుతో మన దగ్గరే మంచి ఆసుపత్రి పెట్టాలి, నేలనూ నీటినీ ఏటా పరీక్ష చేయించాలి అని ఇంకొందరు. రోడ్లు, కాలువలు బాగుచేయమనేవాళ్లూ ఉన్నారు. అవి కార్పొరేషన్ ఎలాగూ వేయాల్సినవే, దానికి మన డబ్బెందుకని వాళ్లకు జవాబు.

ఎవరి మాట న్యాయమో తేలాలంటే ముందు లెక్క చేతిలో ఉండాలి. ఆ లెక్క అడిగే హక్కు సమాచార హక్కు చట్టం, అంటే స.హ. చట్టం ఇచ్చింది. ఖర్చు పది రూపాయలు, ఒక పోస్టు కవరు. అయినా ఇలాంటి దరఖాస్తులు చాలావరకు ‘సమాచారం లేదు’, ‘మా పరిధిలోనిది కాదు’ అన్న ఒక్క వాక్యంతో తిరిగొస్తాయి. రాసిపెడతామని వందలకు వందలు తీసుకునే దళారులు ఒకే నమూనాను అందరికీ అంటగడతారు. ఊరి పేరు తప్ప అందులో ఏదీ మారదు. వాళ్ల చేతిలో పడకుండా సొంతంగా రాసుకునేవాళ్ల కోసం ఈ వివరాలు.

మొదట, ఏ డబ్బు గురించి అడుగుతున్నామో స్పష్టంగా ఉండాలి. సగం దరఖాస్తులు ఇక్కడే దారి తప్పుతాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆ కంపెనీ ప్లాంటులో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు రూ.కోటి చొప్పున, చుట్టుపక్కల ఊళ్లవారికి మనిషికి రూ.10 వేల చొప్పున ప్రకటించింది. అది ప్రభుత్వ ఎక్స్‌గ్రేషియా. యాభై కోట్లు వేరు. మే 8న పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టి, జిల్లా మెజిస్ట్రేట్ దగ్గర రూ.50 కోట్లు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. జూన్ 1 నాటి ఆదేశంలో, ఆ మొత్తాన్ని పర్యావరణ పునరుద్ధరణకూ బాధితుల పరిహారానికీ వాడాలని, అదీ ఒక ప్రణాళిక ప్రకారం జరగాలని చెప్పింది. ప్రణాళిక తయారు చేసే కమిటీలో కేంద్ర పర్యావరణ శాఖ, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధులు ఉండాలంది. ‘ఎల్‌జీ పరిహారం వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఎక్స్‌గ్రేషియా జాబితా పంపి ఫైలు మూసేస్తారు. వాళ్లు అబద్ధం చెప్పినట్టూ కాదు, మనకు కావాల్సింది వచ్చినట్టూ కాదు. అందుకే కేసు నంబరు తప్పకుండా రాయండి: ఒరిజినల్ అప్లికేషన్ నం.73/2020.

ఇక మామూలు పనులు. తెల్లకాగితం చాలు, తెలుగులో రాయొచ్చు, ప్రత్యేకమైన ఫారం కోసం వెతకక్కర్లేదు. పేరు, జవాబు అందే చిరునామా, సంతకం ఉండాలి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ మాట సూటిగానే అంటుంది. కలెక్టరేటుకు రుసుము పది రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే పని సులువు, పోస్టల్ ఆర్డరైనా పెట్టొచ్చు. మండల స్థాయి కార్యాలయానికైతే ఐదు రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆ కార్డు జిరాక్సు జతచేస్తే ఎక్కడా రుసుము కట్టక్కర్లేదు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే రాసిపెట్టాల్సిన బాధ్యత ఆ అధికారిదే. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. చట్టం ఈ హక్కును పౌరులకు ఇచ్చింది. కాలనీ సంక్షేమ సంఘం లెటర్‌హెడ్ మీద, అధ్యక్షుడి హోదాలో పంపితే ఆ సాకుతో వెనక్కి పంపేవాళ్లున్నారు. సంఘం తరఫున అడుగుతున్నా సరే, ఒక మనిషి పేరు మీద, ఇంటి చిరునామాతో పంపండి.

కవరు మీద అధికారి పేరు వద్దు, ఆయన రేపు బదిలీ కావచ్చు. ‘ప్రజా సమాచార అధికారి, జిల్లా కలెక్టర్ కార్యాలయం, విశాఖపట్నం’ అని హోదా రాయండి. డబ్బు జమ చేయమన్నది జిల్లా మెజిస్ట్రేట్ దగ్గర, ఆ హోదా కలెక్టరుదే కాబట్టి అక్కడే మొదలుపెట్టాలి. చివర్లో ఒక వాక్యం కలపండి: ‘ఈ సమాచారంలో ఏదైనా భాగం మరో కార్యాలయం వద్ద ఉంటే సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వారికి బదిలీ చేసి నాకు తెలియజేయగలరు.’ ఈ వాక్యం ఉన్నాక కూడా ‘మా పరిధి కాదు’ అని ఊరుకుంటే, అప్పీల్లో మీకు గట్టి ఆధారం దొరికినట్టే.

ఇప్పుడు అసలు చిక్కు. దరఖాస్తు నిలిచేదీ పోయేదీ ప్రశ్న రాసిన తీరు మీదే.

కడుపు మండినవాళ్లు సహజంగా రాసేది ఇలా ఉంటుంది: ‘మా డబ్బు ఇన్నేళ్లుగా ఎందుకు ఖర్చు చేయలేదు? ఆసుపత్రి ఎప్పుడు కడతారు? దీనికి బాధ్యులెవరు?’ ఒక్కొక్కటీ న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ చట్టం కింద అధికారి ఇవ్వాల్సింది తన కార్యాలయంలో రికార్డుగా ఉన్నదాన్ని మాత్రమే. లేని సమాచారాన్ని తయారు చేయాల్సిన పని గానీ, అభిప్రాయం చెప్పాల్సిన పని గానీ లేదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. ‘ఎందుకు’, ‘ఎప్పుడు’, ‘న్యాయమేనా’ అని అడిగితే కాదనడానికి మనమే దారి చూపించినట్టు.

కాబట్టి పత్రం పేరు పెట్టి అడగండి. ఈ వాక్యాలను ఉన్నవున్నట్టు రాసుకోవచ్చు:

‘జాతీయ హరిత ట్రిబ్యునల్ ఒరిజినల్ అప్లికేషన్ నం.73/2020లో 08-05-2020న ఇచ్చిన ఆదేశం ప్రకారం జిల్లా మెజిస్ట్రేట్, విశాఖపట్నం వద్ద జమ అయిన రూ.50 కోట్లకు సంబంధించి కింది పత్రాల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు. (1) సొమ్ము జమ అయిన తేదీ నుంచి నేటి వరకు, వడ్డీతో సహా, ఆ ఖాతా స్టేట్‌మెంటు. (2) 01-06-2020 నాటి ఆదేశం మేరకు తయారైన పునరుద్ధరణ ప్రణాళిక, కమిటీ సమావేశాల మినిట్స్. (3) ఈ నిధి నుంచి మంజూరైన ప్రతి పనికీ, చెల్లింపుకూ సంబంధించిన మంజూరు ఉత్తర్వులు, వినియోగ ధ్రువపత్రాలు. (4) ఈ నిధి వినియోగంపై నడిచిన ఫైలులోని నోట్ షీట్లు, ఉత్తర ప్రత్యుత్తరాలు.’

నాలుగోది వదిలేయకండి. ప్రభుత్వ కార్యాలయంలో ఫైలుకు రెండు భాగాలుంటాయి. ఒకవైపు వచ్చిన ఉత్తరాలు, వెళ్లిన ఉత్తరాలు. రెండోవైపు నోట్ షీట్లు. గుమాస్తా మొదలుకుని పై అధికారి దాకా ఒకరి కింద ఒకరు తమ మాట రాసి, తేదీ వేసి, సంతకం పెట్టేది వాటిలోనే. ఒక ప్రతిపాదన ఏ తేదీన వచ్చింది, ఏ బల్ల మీద ఎన్ని నెలలు ఆగింది, ‘చర్చించండి’ అని ఎవరు రాసి వెనక్కి పంపారు అన్నవన్నీ అందులో కనిపిస్తాయి. మీ మనసులోని ‘ఎందుకు’కు జవాబు ఎక్కడైనా ఉందంటే అక్కడే. ‘ఎందుకు’ అని అడిగితే ఇవ్వరు. నోట్ షీటు నకలు అడిగితే అది రికార్డు కాబట్టి ఇవ్వాలి.

మూడోదానికి ‘అలాంటి పత్రాలు లేవు’ అని జవాబొస్తే నిరుత్సాహపడకండి. మంజూరు ఉత్తర్వు లేదంటే ఆ పద్దు కింద ఖర్చు జరగలేదని కార్యాలయమే సంతకం పెట్టి చెప్పినట్టు. వార్డు సభలో గంటసేపు వాదించడం కన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ పని చేస్తుంది. వడ్డీ సంగతీ అంతే. ఇంత మొత్తం ఖాతాలో ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ వడ్డీయే కోట్లలో చేరుతుంది. పంచాలనేవాళ్లు గానీ ఆసుపత్రి కావాలనేవాళ్లు గానీ లెక్కేసేది అసలును మాత్రమే.

నేల, నీటి పరీక్షల నివేదికలను ఇదే దరఖాస్తులో కలపొద్దు. వాటికి వేరే కాగితం మీద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. మేఘాద్రిగెడ్డ జలాశయం నీటి గురించి, కాలనీ రోడ్లూ కాలువల గురించి జీవీఎంసీకి, అంటే విశాఖ నగర కార్పొరేషన్‌కు. అన్నీ ఒకే దరఖాస్తులో కుక్కితే సగం ఒక ఆఫీసుకు, సగం మరో ఆఫీసుకు పోయి చివరికి ఎవరూ పూర్తిగా చెప్పరు.

2024లో ఎల్‌జీ పాలిమర్స్ మాతృసంస్థ ఎల్‌జీ కెమ్ ప్రకటించిన రూ.120 కోట్ల సాయం గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అది కంపెనీ నేరుగా ఇస్తానన్న డబ్బు. ప్రైవేటు కంపెనీకి స.హ. దరఖాస్తు పెట్టలేం. అయితే ఆ సాయం గురించి కంపెనీకీ కలెక్టరేటుకూ మధ్య నడిచిన ఉత్తరాలు, అందజేసిన జాబితాలు కార్యాలయం దగ్గర ఉంటే అవి కార్యాలయం రికార్డే. వాటిని కలెక్టరేటు నుంచి అడగొచ్చు.

కాదనడానికి ఎక్కువగా చెప్పే కారణం ‘విషయం కోర్టులో ఉంది’ అని. ఇది వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గక్కర్లేదు. సెక్షన్ 8(1)(బి) ఆపేది కోర్టు గానీ ట్రిబ్యునల్ గానీ వెల్లడించవద్దని ప్రత్యేకంగా నిషేధించిన సమాచారాన్ని, లేదా వెల్లడిస్తే కోర్టు ధిక్కారం అయ్యేదాన్ని మాత్రమే. కేసు నడుస్తోందన్నంత మాత్రాన రికార్డు దాచడానికి లేదు. ‘నిషేధించిన ఉత్తర్వు నకలు ఇవ్వండి’ అని అప్పీల్లో అడగండి.

రెండో కారణం వ్యక్తిగత గోప్యత. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో సెక్షన్ 8(1)(జె) ఇదివరకటి కన్నా గట్టిపడింది. అందుకని లబ్ధిదారుల పేర్లు, బ్యాంకు ఖాతాలు, వైద్య వివరాలు అడగకండి. ఏ కాలనీలో ఎందరికి, ఏ పద్దు కింద, మొత్తం ఎంత అన్న రికార్డు అడగండి. పొరుగువాడికి ఎంత వచ్చిందో తెలుసుకోవాలన్న ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ ఒక్క ప్రశ్న మిగతా ప్రశ్నలకు కూడా ఎసరు పెడుతుంది.

‘పేజీలు చాలా ఎక్కువ’ అంటే సెక్షన్ 2(జె) ప్రకారం ఫైలును స్వయంగా చూస్తామని రాయండి. వెళ్లేటప్పుడు చదవగలిగినవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్తామని ముందే కోరండి. చూసి, కావాల్సిన పేజీలకే నకళ్లు అడిగితే పేజీకి రెండు రూపాయల చొప్పున సరిపోతుంది. ఆ డబ్బు కార్యాలయంలో కట్టి రసీదు తీసుకోండి. ‘నేను కట్టేస్తాలే’ అని బయట వరండాలో చెయ్యి చాపేవాళ్లకు ఇవ్వకండి.

అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు రావాలి. నకళ్ల రుసుము కట్టమని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా లెక్కలోకి రాదు. గడువు దాటిపోతే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. స్పీడ్ పోస్టు రసీదు, అందినట్టు వెబ్‌సైట్‌లో కనిపించే పేజీ ప్రింటు దాచుకోండి. నేరుగా ఇస్తే మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

జవాబు రాకపోతే కొత్త దరఖాస్తు పెట్టకండి. చాలామంది చేసేది ఇదే, దానివల్ల మొదటిదాని బలం పోతుంది. 30 రోజులు మౌనంగా ఉంటే చట్టం దృష్టిలో అది తిరస్కరణే. ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి రాయాలి. ఆయన 30 రోజుల్లో, ఆలస్యమైతే కారణం రాసి 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ అప్పీళ్లకు రుసుము లేదు. జవాబు ఎగ్గొట్టిన అధికారికి రోజుకు రూ.250 చొప్పున, రూ.25 వేల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.

పేరు బయటపడితే పింఛను ఆపేస్తారేమో, ఇంటికొచ్చి అడుగుతారేమో అన్న టెన్షన్ కొంతమందిలో ఉంది, ముఖ్యంగా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లలో. ఆ భయాన్ని కొట్టిపారేయను. దేశంలో ఏ పౌరుడైనా ఈ దరఖాస్తు పెట్టొచ్చు, వెంకటాపురంలోనే ఉండాలన్న నిబంధన లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కొడుకో కోడలో తమ చిరునామాతో పంపితే సరిపోతుంది. జవాబు కూడా నేరుగా వాళ్లకే వస్తుంది.

రెండో అప్పీలు దాకా వెళ్లాల్సి వస్తే మొదటి దరఖాస్తు, మొదటి అప్పీలు, వాటి పోస్టు రసీదులు, వచ్చిన జవాబులు వరసగా పేజీ నంబర్లు వేసి జతచేయండి. వాటితోపాటు హరిత ట్రిబ్యునల్ రెండు ఆదేశాల నకళ్లూ పెట్టండి. అవి ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొడితే దొరుకుతాయి.