జపాన్ పాత కారు, అమెరికా నంబర్ ప్లేటు – 3వ పాఠం: వయసు లెక్క

కిందటి పాఠంలో వేలం షీటు చదవడం చూశాం. కారు నచ్చింది, ధర కూడా కుదిరిందనుకుందాం. డబ్బు పంపే ముందు దాని వయసు తేల్చుకోవాలి.

అమెరికా భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు తయారు కాని కారైతే, రిజిస్టర్డ్ ఇంపోర్టర్ (ఈ పనికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న దిగుమతిదారు) చేత మార్పులు చేయించాలి, విలువకు ఒకటిన్నర రెట్ల బాండు (హామీ) కట్టాలి. చాలా మోడళ్లకు ఆ దారి కూడా ఉండదు. 25 ఏళ్లు నిండిన కారుకు ఈ తంటా లేదు. కాలుష్యం సంగతి చూసే ఈపీఏకి 21 ఏళ్లు చాలు, కానీ ఇంజను మార్చి ఉండకూడదు.

ఆ 25 ఏళ్లు మోడల్ ఇయర్‌ను బట్టి లెక్కపెట్టరు, కారు తయారైన తేదీ నుంచి లెక్కపెడతారు. నిస్సాన్ స్పోర్ట్స్ కారు స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ తయారీ 1999లో మొదలైంది. దాని అభిమానులు 2024 దాకా క్యాలెండర్ చూస్తూ కూర్చున్నది అందుకే.

చాలామంది పొరపడేది ఇక్కడే. జపాన్ ఎగుమతి సర్టిఫికెట్‌లో కనిపించేది మొదటి రిజిస్ట్రేషన్ నెల. అది కూడా తరచూ వాళ్ల శకం లెక్కలోనే ఉంటుంది. మనకు ప్రభవ, విభవ ఉన్నట్టే వాళ్లకు చక్రవర్తి పాలనను బట్టి శకాలు. మీ చేతికొచ్చే కాగితాల్లో ఎక్కువగా ఉండేది హేసే శకం. ఆ అంకెకు 1988 కలపండి.

ఒక లెక్క చేద్దాం. కాగితం మీద హేసే 13, 6వ నెల అని ఉంది. 13కి 1988 కలిపితే 2001, అంటే 2001 జూన్. 2026 జూన్ దాటాక ఈ కాగితమే వయసుకు రుజువవుతుంది. కారు నిజానికి ఆ మార్చిలోనే తయారైతే? మూడు నెలలు ముందే తేవచ్చు, కానీ తయారీ తేదీకి వేరే రుజువు చూపాలి. నన్నడిగితే, ఆ మూడు నెలలకు ఆశపడి ఓడరేవులో టెన్షన్ పడేకంటే జపాన్‌లోనే గోదాము అద్దె కట్టడం నయం.

వయసు తేలాక ఫారాలు సులువు. భద్రతా ప్రమాణాల ఫారం హెచ్‌ఎస్-7లో మొదటి గడి, కాలుష్యం ఫారం ఈపీఏ 3520-1లో 'ఈ' కోడ్ ఎంచుకోండి. కస్టమ్స్ ఇచ్చే 7501 కాగితాన్ని (దిగుమతి పత్రం) మాత్రం పెళ్లినాటి పట్టుచీరలా దాచుకోండి. రాష్ట్ర డీఎంవీలో (వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) అడిగేది దాన్నే.

అక్కడ ఇంకో మెలిక. అమెరికాలో వీఐఎన్ (వాహనం గుర్తింపు నంబరు) 1981 నుంచి 17 అక్షరాలు. జపాన్ ఛాసిస్ నంబరు అంతకంటే పొట్టిది, కంప్యూటర్ ఒప్పుకోకపోవచ్చు. పైగా కేంద్రం రానిచ్చినంత మాత్రాన రాష్ట్రం ప్లేటు ఇవ్వాలని లేదు. 660 సీసీ కెయి ట్రక్కులను (జపాన్ బుల్లి ట్రక్కులు) కొన్ని రాష్ట్రాలు తిప్పి పంపాయి. కాలిఫోర్నియాలో ఉద్గారాల పరీక్ష వేరే కథ, అది నాలుగో పాఠంలో.

ఈలోగా అభ్యాసం: హేసే 12, 11వ నెల కారు ఏ నెలలో అర్హమవుతుందో లెక్కకట్టండి. మీ డీఎంవీకి ఫోన్ చేసి, పొట్టి ఛాసిస్ నంబరుకు టైటిల్ (యాజమాన్య పత్రం) ఎలా ఇస్తారో అడిగి రాసుకోండి.